కట్ల తోక, చుట్ట తోక

ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలున్న ఇళ్ళలో 'రింగ్ టెయిల్డ్' అనే మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. జంతువుల బొమ్మల పుస్తకంలో మడగాస్కర్ దీవికి చెందిన లెమూర్‌కు ఈ విశేషణం తగిలించి ఉంటుంది. మరి నాలుగు పుటలు తిప్పితే ఆస్ట్రేలియాలోని పోసమ్ అనే జంతువుకూ అదే విశేషణం కనిపిస్తుంది. దీని అర్థమేమిటని పిల్లలు అడిగినప్పుడు "ఉంగరాల తోక గలది" అని చెప్పి, మనం మన పనిలో పడిపోతాము.

మాటకు మాట చూస్తే ఆ జవాబులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే తెలుగులో ఉంగరాల జుట్టు అంటే ఏమిటో ప్రతి తల్లికీ తెలుసు. మెలికలు తిరిగి, చుట్టలు చుట్టుకొని, దువ్వెనకు లొంగని జుట్టు. కనుక ఉంగరాల తోక అనగానే తెలుగు పిల్లవాడి మనసులో మెదిలేది మెలికలు తిరిగిన తోకే. బొమ్మలోని లెమూర్ తోక మాత్రం జెండా కర్రలా నిటారుగా నిలబడి ఉంటుంది. దాని పొడవునా నలుపు, తెలుపు పట్టెలు ఒకదాని తరువాత ఒకటి గాజులు తొడిగినట్టు వరుస కట్టి ఉంటాయి. పోసమ్ సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. దాని తోక మీద పట్టెలన్నవే లేవు. అది నిజంగానే గుండ్రంగా చుట్టుకొని ఉంటుంది. ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాటకు రెండర్థాలూ ఇస్తాయి: వలయాల గుర్తులున్న తోక గలది, వలయంలా చుట్టుకొనే తోక గలది. ఒకటి తోక రంగును గురించిన మాట. మరొకటి తోక చేసే పనిని గురించిన మాట. వాటిని ఒకే తెలుగు మాటలో కుక్కితే పిల్లవాడికి సగం జంతువులు తలకిందులుగా అర్థమవుతాయి.

లెమూర్‌కు 1758లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం 'లెమూర్ కట్టా'. కట్టా అంటే లాటిన్ భాషలో పిల్లి. దీని తోక సుమారు 60 సెంటీమీటర్లు, అంటే దేహం కంటే పొడవు. తెల్ల పట్టెలు 12 లేక 13, నల్ల పట్టెలు 13 లేక 14 ఉంటాయి. తోక కొస ఎప్పుడూ నలుపే. కొమ్మను పట్టుకోవడానికి ఈ తోక పనికిరాదు. మడగాస్కర్ దక్షిణ భాగంలోని పొదల మధ్య గుంపుగా నడిచేటప్పుడు ప్రతి లెమూర్ తన తోకను పైకెత్తుతుంది. వెనుక వచ్చేవి ఆ చారల జెండాలను చూసి దారి తప్పకుండా సాగుతాయి. మగవాటి మధ్య తగవు వచ్చినప్పుడు తోక మరో పనికి వస్తుంది. మణికట్టు దగ్గర, భుజం దగ్గర ఉన్న గ్రంథుల వాసనను తోకకు రాసుకొని, ఎదుటివాని వైపు విసురుగా ఊపుతాయి. వెనక్కి తగ్గినది ఓడినట్టు. కరవకుండా, రక్కకుండా కేవలం వాసనతో తేల్చుకొనే ఈ పోట్లాట మనుషులకు ఎందుకు అబ్బలేదో అనిపిస్తుంది.

తూర్పు ఆస్ట్రేలియాలోనూ, టాస్మానియాలోనూ ఉండే పోసమ్‌కు తోక అయిదవ చేయి వంటిది. రాత్రివేళ చెట్ల కొమ్మల మీద తిరుగుతూ ఆకులు మేసే ఈ జంతువు కొమ్మకు తోక చుట్టి నిలదొక్కుకుంటుంది. గూడు కట్టుకొనే కాలంలో బెరడు పీచును, ఆకులను తోకతో చుట్టి పట్టుకొని మోసుకుపోతుంది. పని లేనప్పుడు తోకను చుట్టగా చుట్టి ఉంచుతుంది. దాని పేరులోని ఉంగరం ఈ చుట్టే. మన పొలాల గట్ల మీద కనిపించే అసలైన ఊసరవెల్లి తోక కూడా ఇటువంటిదే. మనలో చాలామంది తొండను చూపించి ఊసరవెల్లి అంటారు గాని, కొమ్మకు తోకను గడియారపు స్ప్రింగులా చుట్టుకొని కదలకుండా కూర్చునేదే ఊసరవెల్లి. బల్లి తన తోకను తెంపుకొని పారిపోగలదు, మళ్ళీ మొలిపించుకోగలదు. ఊసరవెల్లికి ఆ సౌకర్యం లేదు. ఆధారపడిన తోకను వదులుకొనే వీలుండదు కదా.

అరబీ భాష ఈ చిక్కును తీర్చగలదేమో అని చూశాము. అరబీలో మడగాస్కర్ లెమూర్‌ను 'హలఖీ' తోక గలది అంటారు. హల్ఖా అనే మాట మన ఇళ్ళకు కొత్తది కాదు. దర్సె ఖుర్ఆన్ కోసం గుండ్రంగా కూర్చునే సమావేశాన్ని హల్ఖా అనే పిలుస్తాము. గొలుసులోని కడియమూ హల్ఖాయే. అవే అక్షరాలతో ఏర్పడిన హల్ఖ్ అంటే గొంతు. హజ్ యాత్రలో శిరోముండనాన్నీ హల్ఖ్ అంటారు. తజ్వీద్ నేర్చుకొనే పిల్లలకు హురూఫె హల్ఖీ, అంటే గొంతు నుంచి పలికే ఆరు అక్షరాలు, మొదటి పాఠాల్లోనే వస్తాయి. ఆ పిల్లవాడికి "హల్ఖీ తోక" అని చెబితే గొంతులోని తోక అనుకొని నవ్వుకుంటాడు. పైగా పట్టెకూ చుట్టకూ తేడా ఇక్కడా తేలదు.

ఆ తేడా తేల్చే మాట మన పల్లెల్లోనే ఉంది. ఒంటి మీద అడ్డంగా తెల్లని పట్టీలు కట్టినట్టుండే పామును తెలుగువారు ఏనాటి నుంచో కట్లపాము అంటున్నారు. ఆ కట్లే ఈ తోకకూ సరిపోతాయి. పట్టెలు ఉన్నది కట్ల తోక, మెలిక తిరిగేది చుట్ట తోక. చారల తోక అనడం కంటే ఇది మేలు. చార అంటే ఉడుత వీపు మీది గీత నిలువుగానూ ఉండవచ్చు. కట్టు ఎప్పుడూ చుట్టూ తిరిగి వచ్చేదే.

ఇంతగా మాటల గురించి ముచ్చటించడానికి కారణం లెమూరూ కాదు, పోసమూ కాదు. ఆ రెండూ మనకు దూరం. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో, పట్టణాల శివార్లలో మన మధ్యనే బతుకుతున్న రెండు జంతువులకు ఈ తోక మాట నేరుగా తగులుతుంది. ఒకటి పునుగు పిల్లి. రెండవది మానుపిల్లి. ఒకదాని తోకకు నిజంగా కట్లున్నాయి. మరొకదానికి లేని చుట్టను పేరులో అంటగట్టారు.

చుక్కల ఒళ్ళు, కట్ల తోక

పునుగు పిల్లి నిజానికి పిల్లి జాతిది కాదు. పొడుగాటి దేహం, పొట్టి కాళ్ళు, మొనదేలిన మూతి. బరువు 2 నుంచి 4 కిలోలు. బూడిద, గోధుమ రంగులు కలిసిన ఒంటి మీద వరుసలు తీరిన నల్లని చుక్కలు. వీపు మీద ఆ చుక్కలు కలిసిపోయి గీతలవుతాయి. తోక మీద సాధారణంగా 7 నుంచి 9 వరకు నల్లని కట్లుంటాయి. పగలు పొదల్లోనో, గుట్టల సందుల్లోనో దాగి, రాత్రి నేల మీద తిరుగుతూ ఎలుకలను, పురుగులను, రాలిన పండ్లను తింటుంది. ఎలుకల బెడద తెలిసిన రైతు దీన్ని చూసి సంతోషించాలి. జరిగేది వేరు. రాత్రివేళ దీపం వెలుగులో ఆ చుక్కలు కనబడగానే చిరుతపులి పిల్ల వచ్చిందని కేకలు పుడతాయి, కర్రలు లేస్తాయి. తోక వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఒంటి మీద చుక్కలు, తోక మీద కట్లు అనే ఈ పొందిక వెనుక ఒక లెక్క ఉన్నది. కంప్యూటర్ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరైన అలన్ ట్యూరింగ్ 1952లో ఒక వ్యాసం ప్రకటించాడు. తల్లి కడుపులోని పిండం చర్మంలో రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపిస్తూ, ఒకటి రంగును పురికొల్పుతూ మరొకటి అడ్డుకుంటూ ఉంటే వాటంతట అవే చుక్కలు, చారలు ఏర్పడగలవని గణితంతో చూపాడు. తరువాత జేమ్స్ మర్రే అనే గణితవేత్త ఈ ఊహను జంతువుల తోకలకు అన్వయించాడు. వీపు వంటి వెడల్పైన చోట చుక్క పక్కన చుక్క ఏర్పడేందుకు జాగా ఉంటుంది. తోక సన్నని గొట్టం. కొసకు పోయేకొద్దీ మరింత సన్నబడుతుంది. అక్కడ పక్కపక్కన రెండు చుక్కలకు చోటు చాలదు. ఒక్క చుక్కే చుట్టూ తిరిగి తన అంచును తానే కలుసుకొని కట్టుగా మారుతుంది. దీని నుంచి మర్రే తేల్చినది వినడానికి సరదాగా ఉంటుంది: చుక్కల దేహానికి కట్ల తోక ఉండవచ్చు గాని, చారల దేహానికి చుక్కల తోక ఉండడం కుదరదు. చీతాను చూడండి, తోక మొదట్లో చుక్కలు, కొసన కట్లు. పెద్దపులికి దేహం మీద చారలు, తోక మీద కట్లు. పునుగు పిల్లి ఆ లెక్కకు గీసిన బొమ్మలా ఉంటుంది.

చాలా కాలం ఇది కాగితం మీది లెక్కగానే ఉండిపోయింది. ఇంటి పిల్లుల పిండాలను పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్తలు 2021లో ఒక ఆధారాన్ని ప్రకటించారు. వెంట్రుకలు మొలవకముందే, రంగు పడకముందే చర్మంలో ఎక్కడ నలుపు రావాలో గుర్తులు పడిపోతాయని, డీకేకే4 అనే జన్యువుకు అందులో ముఖ్యపాత్ర ఉన్నదని వారు కనుగొన్నారు. మన వాకిట్లో తిరిగే చారల పిల్లి తోకను పిల్లలు ఈ కంటితో ఒకసారి చూడవచ్చు. సృష్టికర్త పనితనాన్ని గురించి వినడం ఒకటి, తోక పట్టుకొని లెక్కపెట్టడం ఒకటి. పిల్లి ఒప్పుకుంటేనే సుమా.

లేని చుట్టకు పెట్టిన పేరు

మానుపిల్లి అంటే చెట్టు పిల్లి. ఆ తెలుగు పేరును నెల్లూరులో కొంతకాలం వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ 1867 నాటి తన గ్రంథంలో నమోదు చేశాడు. మాను మీద తిరుగుతుంది కనుక మానుపిల్లి. అంతకంటే సూటిగా చెప్పలేము. ఇంగ్లీషువారు దీన్ని 'టాడీ క్యాట్' అన్నారు. తాటిచెట్లకు కట్టిన కల్లు ముంతల్లో మూతి పెట్టే అలవాటు వల్ల దానికి ఆ అపకీర్తి వచ్చింది.

శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరే విచిత్రం. 1820 దశకం ఆరంభంలో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కువియే దీని ప్రజాతికి 'పారడాక్సూరస్' అని నామకరణం చేశాడు. గ్రీకు మూలాల ప్రకారం వింత తోక గలది అని అర్థం. అతని ముందున్న జంతువు తోక మెలి తిరిగి చుట్టుకొని ఉన్నది. చుట్ట తోక ఈ జాతి లక్షణమే అనుకొని ఆ పేరు ఖాయం చేశాడు. అడవిలో స్వేచ్ఛగా తిరిగే మానుపిల్లి తోక పొడవుగా, తిన్నగా ఉంటుంది. కొమ్మ మీద నడిచేటప్పుడు తూకం నిలుపుకోవడానికి పనికివస్తుంది. పోసమ్‌లా దేన్నీ చుట్టి పట్టుకోలేదు. బోనులో ఉంచిన మానుపిల్లులకే ఆ మెలిక తరచుగా వచ్చేదని తరువాతి ప్రకృతి శాస్త్రజ్ఞులు రాశారు. అంటే బంధించడం వల్ల కలిగిన వైకల్యం జాతి మొత్తానికి పేరై కూర్చున్నది. నామకరణ నియమాల ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది గనుక నేటికీ అదే చెలామణిలో ఉంది. 1777లో పల్లాస్ పెట్టిన జాతి నామం కూడా పొరపాటే. ఆడ, మగ రెండింటికీ ఒకేలా కనిపించే గ్రంథులను చూసి రెండూ ఒకే దేహంలో ఉన్నాయని భ్రమించారు. ఒక మూగజీవి మోస్తున్న రెండు పేర్లూ అబద్ధాలే. కాపు కాసే రైతు పెట్టిన 'మానుపిల్లి' ఒక్కటే నిజం.

జబాద్, జవ్వాది

మళ్ళీ కట్ల తోక దగ్గరకు వద్దాము. ఆ తోక మొదట్లో, అడుగు భాగాన, పునుగు పిల్లికి ఒక గ్రంథి సంచి ఉంటుంది. అందులో ఊరే వెన్న వంటి పదార్థంతో రాళ్ళకు, చెట్ల మొదళ్ళకు రుద్ది తన హద్దులు చాటుకుంటుంది. తాజాగా ఉన్నప్పుడు ఆ వాసన భరించలేనిది. అతి కొద్ది పాళ్ళలో వేరే నూనెలతో కలిపినప్పుడు అదే పరిమళమవుతుంది, పైగా ఇతర అత్తరుల వాసనను ఎక్కువ సేపు నిలుపుతుంది.

ఈ పదార్థం పేరు అరబీలో జబాద్. నురుగును జబద్ అని, వెన్నను జుబ్ద్ అని అనే అక్షరాల కుటుంబానికే ఇదీ చెందినది. రఅద్ సూరాలో వరద నీటిపై తేలి కొట్టుకుపోయే నురుగు ప్రస్తావన చదివినవారు ఆ మాటను గుర్తుపడతారు. అరబు వర్తకుల పడవలతో పాటు ఈ మాట కూడా ప్రయాణం చేసింది. ఇటలీలో జిబెట్టో, ఫ్రాన్సులో సివెట్, అక్కడి నుంచి ఇంగ్లీషులో సివెట్ అయింది. తూర్పు వైపు వచ్చి తమిళంలో సవ్వాదు, తెలుగులో జవ్వాది అయింది. పునుగు మాత్రం దక్షిణాది సొంత మాట. తమిళుల పుళుగు, కన్నడిగుల పునుగు దాని బంధువులు. పునుగు, జవ్వాది అని జంటగా చెప్పే తెలుగువాడు ద్రావిడ మాటను, అరబీ మాటను ఒకే ఊపిరిలో పలుకుతున్నాడన్నమాట. తిరుమల ఆలయ సేవల్లో పునుగు తైలం వాడుక ఉన్నందున ఆ పేరు తెలుగునాట ఇంటింటికీ తెలుసు. అక్బరు కాలపు 'ఆయినె అక్బరీ'లో సుగంధ ద్రవ్యాల మధ్య జబాద్‌కు చోటు దక్కింది.

జంతువు దేహం నుంచి వచ్చిన పదార్థం గనుక, అది పూసుకొని నమాజు చేయవచ్చునా అన్న ప్రశ్న పూర్వమే వచ్చింది. 'రియాదుస్సాలిహీన్' సంకలనకర్తగా మన ఇళ్ళలో సుపరిచితులైన ఇమామ్ నవవీ (ర) తమ 'అల్ మజ్మూ' గ్రంథంలో దీన్ని చర్చించారు. అంతకు పూర్వపు ధర్మవేత్తల రచనల్లో ఇది సముద్రపు పిల్లి పాలు అనే మాట ఉన్నది. నవవీ (ర) ఆ మాట ప్రకారం చూసినా ఇది పరిశుద్ధమేనని చెప్పి అక్కడితో ఊరుకోలేదు. ఈ వ్యవహారం ఎరిగిన విశ్వసనీయులు కొందరు తనకు చెప్పినదాన్ని నమోదు చేశారు: ఇది నేల మీది పిల్లి చెమట అని. అదే నిజమైతే పరిశుద్ధత విషయంలో అభిప్రాయభేదమే లేదన్నారు. అయితే ఆ జంతువు వెంట్రుకలు అందులో రాలి కలుస్తుంటాయి గనుక వెంట్రుకలున్న దాని విషయంలో జాగ్రత్త పడాలని సూచించారు. తినకూడని జంతువు నుంచి విడిపోయిన వెంట్రుక షాఫిఈ విధానంలో అపవిత్రం. అందుకే ఆ హెచ్చరిక. హనఫీల వద్ద వెంట్రుక విషయం వేరు. వారి 'దుర్రె ముఖ్తార్'లోనూ జబాద్ పరిశుద్ధమే, అది సుగంధంగా మారిపోయినది గనుక. మమ్మల్ని ఆకట్టుకున్నది తీర్పు ఒక్కటే కాదు. పదమూడవ శతాబ్దపు డమాస్కస్‌లో ఒక మహా ధర్మవేత్త తీర్పుకు ముందు, జంతువును ఎరిగినవారి మాట చెవిన పెట్టారు. సముద్రం నుంచి నేల మీదికి, పాల నుంచి చెమటకు వచ్చారు. గ్రంథి ఊట అనేది ఆధునికులు చెప్పిన మాట, అంతే తేడా.

1926లో లెయోపోల్డ్ రుజీచ్కా అనే రసాయన శాస్త్రవేత్త ఈ పరిమళానికి మూలమైన సివెటోన్ అణువు నిర్మాణాన్ని తేల్చాడు. 17 కర్బన పరమాణువులు చేయీ చేయీ పట్టుకొని ఒక పెద్ద వలయంగా నిలిచిన అణువు అది. అంత పెద్ద వలయం నిలకడగా ఉండలేదని అప్పటివరకు రసాయన శాస్త్రజ్ఞుల నమ్మకం. కట్ల తోక జంతువు పరిమళంలో కూడా ఒక హల్ఖా దాగి ఉన్నదని చెప్పుకుంటే బాగుంటుంది. రుజీచ్కాకు 1939లో నోబెల్ పురస్కారం వచ్చింది. ఆ తరువాత ఈ వాసనను జంతువుతో పని లేకుండా కర్మాగారాల్లో తయారు చేసే మార్గాలు ఏర్పడ్డాయి.

బోను సంగతి

అయినా బోను పూర్తిగా పోలేదు. ఇథియోపియాలో ఆఫ్రికా జాతి పునుగు పిల్లులను ఇరుకైన కర్ర బోనుల్లో పెంచి, కొన్ని రోజులకోసారి వెనుక నుంచి పట్టుకొని గ్రంథిని పిండి, ఆ పదార్థాన్ని పశువుల కొమ్ముల్లో నింపి అమ్మడం శతాబ్దాల నుంచి సాగుతున్నది. పునుగు పిల్లి సొంత ఊరు కాని మడగాస్కర్‌కూ, సొకోత్రా దీవికీ చేరడం మనుషుల పనే. కట్ల తోక లెమూర్ దేశానికి మన కట్ల తోక అలా చేరింది.

మానుపిల్లికి వేరే ఆపద వచ్చింది. ఇండోనేషియాలో ఇది పండిన కాఫీ కాయలను తిని, గింజలను విసర్జిస్తుంది. వాటిని ఏరి, కడిగి, వేయించి చేసిన 'కోపి లువాక్' ప్రపంచంలో అతి ఖరీదైన కాఫీలలో ఒకటి. ఇది ధర్మసమ్మతమా అన్న ప్రశ్నపై ఇండోనేషియా ఉలమా మండలి 2010లో ఫత్వా ఇచ్చింది. గింజ గట్టి పొరలో చెక్కుచెదరకుండా ఉండి, నాటితే మొలిచే స్థితిలో ఉంటే, శుభ్రపరచిన తరువాత హలాల్ అని నిర్ణయించింది. గింజ విషయం అలా తేలింది. అయితే అడవిలో ఏరిన గింజలు చాలక, మానుపిల్లులను బోనుల్లో వేసి కాఫీ కాయలే మేపుతూ గింజలు పోగుచేసే వ్యాపారం పెరిగింది. పండ్లు, పురుగులు, ఎలుకలు అన్నీ తినే జంతువుకు, రాత్రంతా చెట్లు తిరిగే జంతువుకు అదొక నరకం. పిల్లిని కట్టివేసి, తానూ తిండి పెట్టక, నేల మీది పురుగూ పుట్రా తిని బతకడానికైనా వదలక చంపిన స్త్రీ శిక్షకు గురైనదని దైవప్రవక్త (స) తెలిపిన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. బంధువులెవరైనా విదేశం నుంచి ఆ కాఫీ పొట్లం తెచ్చి ఇస్తే, అది అడవిలో ఏరినదా, బోనులోదా అని అడగడానికి మొహమాటం అక్కరలేదు. అత్తరు దుకాణంలో జబాద్ సీసా చూపినప్పుడు కూడా అంతే. కర్మాగారంలో తయారైనదైతే వెంట్రుక గురించి గాని, బోను గురించి గాని బెంగ లేదు.

మన దేశంలో ఈ రెండు జంతువులకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తుంది. అనుమతి లేకుండా పట్టడం, పెంచడం, చంపడం నేరం. పాత పెంకుటిళ్ళ అటకల మీద, వాడని గదుల్లో మానుపిల్లి కాపురం పెట్టడం మామూలే. పిల్లలను పెంచుకొని, అవి తిరగగలిగిన తరువాత చాలాసార్లు తానే వెళ్ళిపోతుంది. రాత్రివేళ చప్పుడు విని పైకి చూస్తే, ముఖం మీద ముసుగు వేసినట్టు నలుపు, నల్లని కాళ్ళు, కట్లు లేని పొడుగాటి నల్ల తోక కనిపిస్తే అది మానుపిల్లి. పొలం గట్టున నేల మీద పోతూ, చుక్కల ఒంటికి కట్ల తోక ఉంటే అది పునుగు పిల్లి. చిరుత పిల్లతో పోలిస్తే దీని మూతి సన్నగా మొనదేలి ఉంటుంది, కాళ్ళు పొట్టిగా ఉంటాయి. రెండింటిలో ఏది బావిలో పడినా, వలలో చిక్కినా అటవీశాఖ వారికి ఫోన్ చేస్తే వారు వచ్చి తీసుకుపోతారు. వారు వచ్చేలోగా చుట్టూ మూగిన పిల్లలను దూరంగా నిలబెట్టి, కుక్కలను కట్టివేసి, ఆ జంతువు మీద ఒక గోనెసంచి కప్పి చీకటి చేస్తే అది చాలావరకు కుదురుగా ఉంటుంది.